కొరియా సినిమాకు నేను చెప్పిన కథ

ఒక మాట నా దగ్గరే ఉండిపోయింది. అది నాది కాదు. ఇంకొకరికి అందించవలసిన మాట. అందించలేదు. ఇన్నేళ్లూ దాన్ని మోశాను, ఇక మోసే ఓపిక లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అదే నయం. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, ఎప్పటి సంగతో" అంటారు. ఆ ఓదార్పు నాకు వద్దు. వినండి, చాలు.

మాది ప్రొద్దుటూరు. వయసులో ఉన్నప్పుడు డేరా టాకీసులో పనిచేశాను. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులు. జమ్మలమడుగులో కొన్నాళ్లు, పులివెందులలో కొన్నాళ్లు డేరా వేసేవాళ్లం. తెలుగు సినిమా దొరకనప్పుడు మా ఓనరు అరవ సినిమానో హిందీ సినిమానో తెచ్చేవాడు. అలాంటప్పుడు తెర పక్కన నిలబడి మైకులో జనానికి కథ చెప్పడం నా పని. నాకు అరవం సగమే వచ్చు. హిందీ ఆ సగం కూడా రాదు. అయినా ఏ రోజూ తడుముకున్నది లేదు. తెలియని చోట కల్పించేవాణ్ణి, నచ్చని చోట మార్చేవాణ్ణి. ఒకసారి హీరో చచ్చిపోయే సినిమా వచ్చింది. మొదటి రోజు జనం ఓనరు మీద తిరగబడ్డారు. మర్నాడు అదే చోట నేను, "ఏమీ కాలేదు, స్పృహ తప్పిందంతే, వైద్యుడు వస్తున్నాడు" అన్నాను. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుని సంతోషంగా ఇళ్లకు పోయారు. ఓనరు నా భుజం తట్టాడు. సినిమా తెర మీద కాదు, నా నోట్లో ఉందని నాకు పొగరెక్కింది అప్పుడే.

తరవాత డేరా మూతపడింది. మద్రాసు పోయి, అక్కణ్ణుంచి ఓడెక్కి సింగపూరు చేరాను. రేవు దగ్గర గిడ్డంగిలో పని. వచ్చీరాని ఇంగ్లీషు ఉంది కాబట్టి మూటల మీద పేర్లు చదివి ఏది ఎక్కడ పెట్టాలో చెప్పేవాణ్ణి. ఓబులేసు నాకు దొరికింది అక్కడే.

తొండూరు దగ్గర పల్లె అతనిది. గొర్రెలు మేపుకునే ఇల్లు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అన్న పెంచాడు. ఒక రాత్రి మంద దగ్గర కావలి ఉండవలసినవాడు, అన్నకు చెప్పకుండా పులివెందులకు సినిమాకు పోయాడు. తెల్లారి వచ్చేసరికి తోడేళ్లు పడి మందను చీల్చేసి పోయాయి. అన్న ఊరందరి ముందూ కట్టె విరిగేదాకా కొట్టాడు. "మళ్లా నా గడప తొక్కితే నరుకుతా" అన్నాడు. ఓబులేసు అదే పూట ఎర్రగుంట్లకు నడిచిపోయి రైలెక్కాడు.

ఆ రాత్రి అతను చూసింది మా డేరాలోనే. నేను కథ చెప్పిన అరవ సినిమానే. మా గదిలో పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతూ, ఎంతో మామూలుగా ఈ సంగతి చెప్పాడు. నా గొంతు వినగానే గుర్తుపట్టాడట. నామీద కోపం రాలేదా అంటే నవ్వాడు. ఊళ్లో వాళ్లనందరినీ అన్నా అని పిలిచే మనుషులం మేము. అతను మాత్రం నన్ను అప్పా అనేవాడు. అన్నా అనే పిలుపు ఒక్కడి కోసం దాచుకున్నాడని నాకు శానా రోజులకు గాని తెలియలేదు.

నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు గంజి తాగించింది అతనే. అన్నం వండేదీ అతనే. నేను పని నుంచి వచ్చేసరికి గదిలో దీపం వెలుగుతూ ఉండేది. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

కొన్నేళ్లకు, ఓడ పని మీద పులివెందుల మనిషి ఒకడు వచ్చాడు. ఓబులేసును వెతుక్కుని వచ్చి, అన్న పంపిన కబురు చెప్పాడు. వచ్చి తన ఎదురుగా కూర్చుని ఒక పూట తినిపొమ్మన్నాడట అన్న. ఓడ తిరిగి పోతుంది, రావాలనుకుంటే నాతో రా అన్నాడు ఆ మనిషి. ఓబులేసుకు రెండు రోజులు నిద్ర లేదు. అది ప్రేమ పిలుపా, పగ పిలుపా? మా సీమలో రెండూ ఒకే మాటతో పిలుస్తాయి. అతని భయం వట్టిది కాదు.

ఆ వారమే సింగపూరులో ఒక టాకీసులో కొరియా సినిమాలు వేస్తున్నారు. రోజుకొక సినిమా కాదు, ఆటకొక సినిమా. మాకు ఆదివారం మధ్యాహ్నమే సెలవు. గేటు దగ్గర ఇంగ్లీషులో అచ్చేసిన కాగితం పంచారు. ఒక్కో సినిమా గురించి రెండు ముక్కలు. ఒకటి పట్నం పెళ్లికొడుకు హాస్యం. ఒకటి యుద్ధం. ఒకటి రాణివాసం. ఇంకొకటి, కొట్లాడి ఇల్లు విడిచిన తమ్ముడు అన్న దగ్గరికి తిరిగిరావడం. పోస్టరు మీద తెల్లబట్టల్లో ఇద్దరు మగవాళ్లు, ఒక ఎద్దు, వెనక బోడిగుట్టలు. ఓబులేసు దాని ముందే నిలబడిపోయాడు.

"ఇదేందప్పా, మా తొండూరు మాదిరే ఉండాది!"

ఆ మధ్యాహ్నం రెండు ఆటలు ఉన్నాయి, హాస్యమూ ఇదీ. ఏది చూద్దామో నన్నే చెప్పమన్నాడు. నేను అన్నదమ్ముల సినిమానే ఎంచుకున్నాను. ఈ ఒక్కటి నమ్మండి: అప్పుడు నా మనసులో కల్మషం లేదు. వీడు ఈ కథ చూస్తే గుండె ధైర్యం వచ్చి ఇంటికి పోతాడు అనుకున్నాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. టికెట్లు తీసుకుని లోపలికి పోయాం.

వాళ్ల భాష మాకిద్దరికీ రాదు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. నేను చదివి, ఓబులేసు చెవిలో తెలుగులో చెబుతున్నాను. చాలాసేపు ఉన్నదున్నట్టే చెప్పాను. తమ్ముడు అలిగి పోయాడు. బొగ్గుగనిలో పనిచేశాడు. యుద్ధం వచ్చింది, పోయింది. అన్న పెళ్లి చేసుకోలేదు. ఓబులేసు తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే, "పోతానప్పా, నేను పోతా" అన్నాడు.

అక్కడ నాకు ఏమైంది? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. వెలుగు లేని గది కళ్ల ముందు కదిలింది. తాళం తీసుకుని, చీకట్లో అగ్గిపెట్టె కోసం తడుముకుంటున్న నేను కనిపించాను. మళ్లీ జ్వరం వస్తే? అంతే. అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉండి ఉంటే బాగుండేది. ఆడదాని కోసమో, ఆస్తి కోసమో చేసి ఉంటే కనీసం నా తప్పుకు ఒక ఆకారం ఉండేది. నేను ఒంటరిగా అన్నం తినడానికి భయపడి చేశాను.

చివరి ఘట్టం. మంచు కురుస్తోంది. అన్న వాకిట్లో గొడ్డలితో కట్టెలు కొడుతున్నాడు. తమ్ముడు వచ్చి నిలబడ్డాడు. అన్న తల ఎత్తి చూశాడు. గొడ్డలి చేతిలోనే ఉంది. మెల్లగా తమ్ముడి దగ్గరికి నడిచాడు. ఆ నటుడి ముఖంలో కోపమో దుఃఖమో తెలియడం లేదు. ఒక్క మాట అన్నాడు. కింద అక్షరాలు పడ్డాయి. నేను చదివాను.

"ఏమంటాండాడప్పా?" ఓబులేసు నా చేయి పట్టుకున్నాడు.

"లోపలికి రా, నీ లెక్క తేలుస్తా అంటాండాడు."

ఇద్దరూ ఇంట్లోకి పోయారు. తలుపు మూసుకుంది. తెర మీద ఆ తలుపూ, మంచూ, అంతే.

"ఇంగేమైతాదప్పా?"

"ఇంగేముంది? సూడు, గొడ్డలి కింద పెట్టల్యా."

లైట్లు వెలిగాయి. ఓబులేసు కళ్లు తుడుచుకోలేదు. ఆ సాయంత్రమే రేవుకు పోయి, తాను రానని పులివెందుల మనిషికి చెప్పేశాడు. తిరిగి వచ్చి పొయ్యి వెలిగించాడు. నేను కడుపునిండా తిన్నాను. అది మాత్రం బాగా గుర్తుంది.

సినిమా మాటకు మనిషి బతుకు మార్చుకుంటాడా అని మీరు అడగవచ్చు. మా డేరాల్లో పెరిగినవాడు మార్చుకుంటాడు. మైకులో వచ్చిన మాట అబద్ధమని ఎవరూ అనుకోని కాలం అది. నాకు ఆ సంగతి తెలుసు. తెలిసే చెప్పాను.

నిజం చెప్పడానికి రోజులు లేకపోయాయా? ఉన్నాయి. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏళ్లు గడిపాను. చెబితే అతను పోతాడు, పోతూ పోతూ నన్ను అసహ్యించుకుంటాడు. చివరికి మా చెల్లెలి మొగుడు పోతే, నేనే ముందు ఇంటికి బయలుదేరాను. ఎవరు వెళ్లిపోతారని భయపడి అంత పని చేశానో, అతన్ని నేనే వదిలి వచ్చాను. ఓడ దగ్గరికి సాగనంపడానికి వచ్చి ఓబులేసు నా చేతులు పట్టుకున్నాడు.

"ఆ పొద్దు నువ్వు కత చెప్పకపోయింటే నేను పొయ్యింటి. నా పానం పోతే పోనీ. మా అన్న జైలుకు పోయుండు. మా అన్నను కాపాడినావప్పా."

అతను భయపడింది తన కోసం అనుకున్నాను అన్నాళ్లూ. అప్పుడైనా నోరు విప్పలేకపోయాను. తల ఊపి ఓడెక్కాను. నేను దిగిన ఏడాదికే, రేవులో మూటలు మీద పడి ఓబులేసు చనిపోయాడని తెలిసింది.

కబురు చెప్పడానికి తొండూరు దగ్గర అతని పల్లెకు పోయాను. చెప్పలేకపోయాను. అన్న మనిషి ఎండిపోయి ఉన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. తమ్ముడు ఎందుకు రాలేదని అడగలేదు. ఒక్కటే అడిగాడు.

"ఆడ యాళకు తింటాండాడా?"

తింటున్నాడని చెప్పాను. చచ్చిపోయినవాడు వేళకు తింటున్నాడని చెప్పాను. మళ్లీ చివరి ఘట్టం మార్చాను. ఆయన ముఖం తేటపడింది. ఆ అబద్ధంతోనే కొన్నాళ్లకు ఆయనా పోయాడు. దాన్ని దయ అని పిలుచుకోవాలని చాలాసార్లు చూశాను. నోరు రాలేదు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ లేరు. క్షమించేవాళ్లు లేరు, తిట్టేవాళ్లూ లేరు. ఈ మాట చెబితే ఏమీ బాగుపడదు. అయినా తెర మీద పడిన ఆ అక్షరాలను ఒక్కసారైనా ఉన్నదున్నట్టు చెప్పాలి. అది నా పని. డబ్బు తీసుకుని చేసిన పని.

ఓబులేసూ, విను. ఆ గొడ్డలి పట్టుకున్న అన్న తమ్ముడితో అన్న మాట ఇది:

"అన్నం సల్లారిపోతాంది. లోపలికి రా."