జోసెఫ్ వంతు గుట్ట

నాకు దుంపలంటే పిచ్చి. పెద్దాపురం దగ్గర సగ్గుబియ్యం మిల్లుల వాసన పీల్చి పెరిగినదాన్ని, కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ చదువులో పడి మట్టి ముట్టి ఎన్నాళ్ళో అయింది. అందుకే సిమ్‌కో ఊరి అవతల ఒక ఉగాండా ఆవిడ తన దేశపు పద్ధతిలో చిలగడదుంపలు వేస్తోందని శ్రావణ్ చెప్పగానే, తవ్వడానికి నేనూ వస్తానన్నాను. శ్రావణ్‌ది హన్మకొండ. నాతో చదివి, ఇప్పుడు అక్కడి గ్రీన్‌హౌస్‌లో పని చేస్తూ, శనివారాలు ఆమెకు సాయం వెళ్తుంటాడు.

అక్టోబరులో ఒక శనివారం, ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కాను. హామిల్టన్ దాకా టికెట్ ఫోన్లోనే తీసుకోవచ్చు. ఆపైన బస్సులను నమ్ముకోకండి, కారున్న మనిషిని పట్టుకోండి. పక్క సీట్లోని ముసలావిడ నా రబ్బరు బూట్లు చూసి సంగతి అడిగింది. "రేపు తెల్లారేసరికి ఫ్రాస్ట్, అదే గడ్డకట్టే మంచు, పడుతుందట. తీగ మాడితే కుళ్ళు దుంపలోకి దిగుతుంది. ఇవాళే తవ్వేయండి" అంది.

హామిల్టన్‌లో శ్రావణ్ కారుతో సిద్ధంగా ఉన్నాడు. పెట్రోలు బంకులో కాఫీ తాగి దక్షిణానికి తిరిగాం. ఏరీ సరస్సు దగ్గరయ్యేకొద్దీ పొగమంచు చిక్కబడింది. ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన చెక్క షెడ్లు పక్కకి ఒరిగి, ఒక్కొక్కటే కనబడి మాయమవుతున్నాయి. నాకెందుకో అప్పుడే వెనక్కి వెళ్ళిపోవాలనిపించింది.

"రోజ్ ఆంటీ భర్త గురించి అడగకు," అన్నాడు శ్రావణ్. "జోసెఫ్ అని. పోయినేడు చేపలకని లేక్ మీదికి పోయిండు. బోటు దొరికింది. ఆయన దొరకలే."

ఆ ఉగాండా ఆవిడే, రోజ్ ఆంటీ, గేటు దగ్గరే ఉంది. పొట్టి మనిషి, తలకి ఊలు టోపీ. ఆమె ఇంగ్లీషులో అన్న మాటలు మన మాటల్లో రాస్తున్నాను. పొలంలో మన దగ్గరలా పొడవాటి బోదెలు లేవు, మోకాలెత్తు గుండ్రటి మట్టిగుట్టలు. పొగమంచులో బోర్లించిన గంపల్లా వరసలు కట్టి ఉన్నాయి. ఉగాండాలో పంటంతా ఒకేసారి తవ్వరట. గుట్ట బీటలిచ్చిన చోట చేయి పెట్టి, పెద్ద దుంప మాత్రం లాగి, తీగ కదలకుండా మట్టి కప్పేస్తారు. చిన్నవి ఊరుతూ ఉంటాయి. ఇక్కడ చలి ఆగనివ్వదు కాబట్టి ఈవేళ అన్నీ తీసేయాలి. అయినా నాకోసం ఒక గుట్టలో చేసి చూపించింది.

నేనూ ఒక దుంప లాగి, బూటు మడమతో మట్టి నొక్కాను. ఆమె నా చేయి పట్టుకుని ఆపింది.

"కాలితో కాదు, చేత్తో. జోసెఫ్ కూడా ఇంతే. చెప్పుల్లేకుండా వట్టి మడమతో నొక్కేవాడు. జన్మంతా చెప్పాను, వింటేగా."

ఉడికించిన దుంపలు, పల్లీల పులుసుతో భోజనం చేసి మళ్ళీ తవ్వాం. పొద్దు వాలేసరికి చివరన ఒక్క గుట్ట మిగిలింది. దాని జోలికి వెళ్ళొద్దంది ఆంటీ. వాళ్ళింట్లో ఊరెళ్ళినవాళ్ళకి ఒక గుట్ట అట్టేపెట్టడం ఆచారమట. వాళ్ళు వచ్చాకే తవ్వుతారు. చిక్కేమిటంటే, జోసెఫ్ తెచ్చిన తెల్లరకం మొత్తం ఆ గుట్టలోనే ఉంది. ఇవాళ తవ్వకపోతే విత్తనం పోయినట్టే. తవ్వితే, ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టు.

"సీడ్ పోతే మళ్ళ దొరకదు ఆంటీ," అన్నాడు శ్రావణ్, మెల్లగా.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తీగలు పక్కకి తప్పించింది. అలాగే ఉండిపోయింది. మేము వంగి చూశాం. గుట్ట పక్కన బీట మూసేసి ఉంది. తడి మట్టిలో వట్టి మడమ గుర్తు, లోతుగా. చుట్టూ ఇసుకలో కుందేలు అడుగులు తప్ప ఇంకేమీ లేవు.

ఆమె చేత్తో తవ్వింది. పెద్ద దుంపలు ఒక్కటీ లేవు. అవి తెంపిన తొడిమల్లో కొన్ని ఎండిపోయి ఉన్నాయి, ఒకదాన్నుంచి ఇంకా పాలు కారుతున్నాయి.

"దొంగలేమో," అన్నాను.

"దొంగలు మట్టి కప్పి పోతరా?" అన్నాడు శ్రావణ్.

రోజ్ ఆంటీ మాత్రం ఏడవలేదు, భయపడలేదు. "తింటున్నాడు" అంది, అంతే. చిన్న దుంపలన్నీ విత్తనానికి బుట్టలో వేసుకుంది. ఒకటి మాత్రం తిరిగి గుట్టలో పెట్టి మట్టి కప్పింది. తర్వాత బూటు విప్పి, మేజోడు తీసి, ఆ మట్టిని తన మడమతో నొక్కింది.

ఎనిమిదిన్నరకి హామిల్టన్‌లో తిరుగు బస్సు దొరికింది. ఒళ్ళో ఆంటీ ఇచ్చిన ఎర్రదుంపల సంచీ. హీటరు వేసినా నాకు చలి తగ్గలేదు. వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి, ఆమె చేతి పల్లీల పులుసు కోసమైనా వెళ్ళండి. మట్టిలో వదిలేసిన ఆ ఒక్క దుంప ఈ చలికి కుళ్ళిపోతుందని చదువుకున్నదాన్ని, నాకు తెలుసు. అయినా వసంతంలో ఆ గుట్ట విప్పి చూడమంటే నేను చూడను. అది అక్కడ లేకపోతే ఏం చేయాలో నాకు తెలియదు.