కీప్ అంటే ఉంచుకోవడం

రిటైరై రెండేళ్లయినా ఆ క్రియను నేనిప్పటికీ ఎవరికీ చెప్పలేను. మనవరాలు హోంవర్కు తెచ్చి "కీప్‌తో ఒక వాక్యం చెప్పు అమ్మమ్మా" అంటే, "మీ అమ్మనడుగు" అని తప్పించుకుంటాను. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పిన మనిషిని.

కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న హైస్కూల్లో పనిచేసేదాన్ని. గుణదల నుంచి రోజూ బస్సు. పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చేయడమే తప్ప, ఆ ఊళ్లో ఎవరి ఇల్లేదో, ఎవరి కథేమిటో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. పాఠం చెప్పడానికి ఊరి సంగతులెందుకని నా పొగరు.

ఆ రోజు తొమ్మిదో తరగతికి కీప్ చెప్పాను. ఒక్క మాటకు ఇన్ని అర్థాలా అని పిల్లలు నోరు తెరుచుకుని చూస్తుంటే నాకు భలే సరదా. కీప్ ఎ ప్రామిస్ అంటే మాట నిలబెట్టుకోవడం. కీప్ ఎ బఫెలో అంటే గేదెను పెంచుకోవడం. కీప్ ఫ్రమ్ అంటే ఒకరికి తెలియకుండా దాచడం. బోర్డు నిండా రాశాక, అన్నిటికీ కలిపి ఒక్క అర్థం చెబితే గుర్తుంటుందని వాళ్లవైపు తిరిగి గట్టిగా అన్నాను. "కీప్ అంటే ఉంచుకోవడం."

నాకు తెలుగు రాక కాదు. పెళ్లి లేకుండా ఒక మగవాడి అండన ఉన్న ఆడదాని గురించి మనవాళ్లు ఆ మాట ఎలా వాడతారో, కీప్ అనే ఇంగ్లీషు ముక్కను కూడా అదే తిట్టుకు ఎలా తెచ్చుకున్నారో తెలుసు. ఆ క్షణాన తట్టలేదు, అంతే. కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అని ఏటా పిల్లలతో వ్యాసాలు రాయించిన దాన్ని కూడా నేనే.

వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. "మా ఊళ్లో ఉందండీ టీచర్, ఒక కీప్" అన్నాడొకడు. తరగతంతా గొల్లుమంది. తలలన్నీ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి వైపు తిరిగాయి. తను మాత్రం బోర్డు మీదున్నది రాసుకుంటూనే ఉంది. నాకసలే కోపం ముక్కు మీదుంటుంది. డస్టర్ బల్లకేసి కొట్టి "కీప్ క్వైట్!" అని అరిచాను. అందులోనూ అదే మాట ఉంది కదా, నవ్వు రెట్టింపయింది. ఇంతలో బెల్లు కొట్టారు. ఆ పిల్లను ఒక్క మాట పలకరించకుండా, "కీప్‌తో అయిదు వాక్యాలు రాసుకు రండి" అని చెప్పి బయటపడ్డాను.

మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని నలభై పుస్తకాలు దిద్దాను. ఎర్రపెన్ను పట్టుకుంటే నా కంటికి అక్షరాలే తప్ప మనుషులు కనబడరు. పుస్తకాలు తిరిగిచ్చిన మర్నాటి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు.

వారం చూసి ఆయమ్మనడిగాను. ఆవిడ గొంతు తగ్గించి చెప్పింది. ఆ పిల్ల తండ్రి పోయాక, ఊరి పెద్దమనిషొకాయన కొన్నాళ్లు వాళ్లింటికి వచ్చిపోయేవాడట. ఆయన రావడం మానేసి పదేళ్లయిందట. ఆ తల్లికి పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఎలాగైనా పిల్లను వెనక్కి తీసుకురావాలని, ఒక్కసారి క్షమాపణ చెబితే వస్తుందని, ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

తల్లి అప్పుడే నాట్ల నుంచి వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద. గబగబా కుర్చీ తుడిచి వేసింది. "బడికెందుకెళ్లవే అంటే నోరు విప్పట్లేదండీ. ఈ పుస్తకం చూసుకుని ఏడుస్తా ఉంది. నాకా సదువు రాదు. ఇదిగో, ఇక్కడ ఎర్రగా దిద్దారు కదండీ మీరు. అంత తప్పేం రాసిందండీ?"

పుస్తకం అందుకున్నాను. నాలుగు వాక్యాలు బోర్డు మీదవే. అయిదోది తన సొంతం. "నోబడీ కీప్ మై మదర్." మా అమ్మను ఎవరూ ఉంచుకోవట్లేదు.

ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేని మాట ఆ పిల్ల నాకొక్కదానికే రాసుకుంది. నేను కీప్ చివర ఎర్రసిరాతో ఒక ఎస్ చేర్చాను. అయిదుకు నాలుగు మార్కులు వేసి సంతకం పెట్టాను.

తలుపు పక్కన నిలబడి ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. తల్లి నా నోటివైపు చూస్తోంది. సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం మూసి తల్లి చేతికిచ్చాను.

"పెద్ద తప్పేం కాదమ్మా. చివర ఒక్క అక్షరం తగ్గింది" అన్నాను.

తల్లి ముఖం తేటపడింది. "చూశావటే! ఒక్క అక్షరానికా బడి మానేశావు? పాపం టీచరుగారు ఇంటిదాకా వచ్చారు. ఇంకెప్పుడూ తప్పు రాయనని చెప్పు" అని కూతుర్ని ముందుకు తోసింది.

ఆ పిల్ల నా ఎదురుగా వచ్చి నిలబడి, "సారీ టీచర్" అంది.

నేను "పర్లేదమ్మా" అన్నాను. బస్సు టైమవుతోందని లేచాను. ఆ అమ్మాయి మళ్లీ బడికి రాలేదు.