ఖాదర్‌వలీ సార్ ఎడమచేతి రాత

పై వాటాలో ఉండే పిల్ల పొద్దున్నే గొంతు చించుకుని చదువుతోంది. 'గివ్ అప్'కు వ్యతిరేక పదాలు: కంటిన్యూ, పర్సిస్ట్, రెసిస్ట్. మళ్లీ మొదటినుంచి కంటిన్యూ, పర్సిస్ట్, రెసిస్ట్. టీ గ్లాసు పట్టుకుని వింటున్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల తప్పేమీ లేదు. వారం రోజులుగా నా కోపం ఎవరు దొరికితే వాళ్ల మీద పడుతోంది. జమ్మలమడుగు దగ్గర నేను చదువుకున్న హైస్కూలు పాత విద్యార్థులు, పోయిన నెల చనిపోయిన మా ఇంగ్లీషు మాస్టారు ఖాదర్‌వలీ సార్‌కు సంస్మరణ సభ పెడుతున్నారు. సంచిక కూడా వేస్తారట. "సార్ గురించి నాలుగు మంచి మాటలు రాయి మేడం" అని ఫోన్ చేశారు. ముఖ్య అతిథి ఎవరని అడిగితే, మా వైపు రాజకీయమంతా నడిపే ఒక పెద్దాయన పేరు చెప్పారు. ఆయన మనుషులే ఆ రోజు మా తరగతి గదిలోకి వచ్చింది. సభ ఫ్లెక్సీ కూడా పంపారు. అందులో పెద్దాయన బొమ్మ నిలువెత్తున ఉంది, సార్ బొమ్మ తపాలా బిళ్లంత ఉంది. సరే, రాస్తున్నాను.

సార్‌ది ప్రొద్దుటూరు. వాళ్ల నాన్న అక్కడ బట్టలు కుట్టేవాడు. సార్ రోజూ బస్సులో వచ్చి మాకు పదో తరగతి ఇంగ్లీషు చెప్పేవారు. బోర్డు మూల ఒక మాట రాసి, దానికి ఎదురు మాటలు మమ్మల్నే వెతుక్కురమ్మనేవారు. 'గివ్ అప్' అంటే చేతులెత్తేయడం అని చెప్పి, "ముందు 'నాట్' తగిలిస్తే ఎదురు మాట అయిపోదు, అది సోమరితనం" అనేవారు. మాట దొరికాక దానితో ఒక వాక్యం రాయాలి. అక్కడే వచ్చేది చిక్కు. ఆ వాక్యం మేము కళ్లారా చూసినదై ఉండాలి, అందులో చోటు పేరు ఉండాలి. ఒకడు గైడు చూసి, ఓడిపోయిన రాజు సాలెపురుగును చూసి ధైర్యం తెచ్చుకున్నాడని రాసుకొచ్చాడు. సార్ నవ్వి, "ఆ రాజును నువ్వు యాడ చూసినావప్పా? గైడులో ఉండేది గైడోనికి తెలుసులే. నువ్వు చూసింది రాయి" అన్నారు. నేను మా అవ్వ గురించి రాశాను. బోరు ఎండిపోయిన సంవత్సరం మా చీనీతోటలో బత్తాయిచెట్లన్నీ కొట్టేద్దామని అందరూ అంటున్నా, పక్క తోటనుంచి బిందెతో నీళ్లు మోసి పద్నాలుగు చెట్లు బతికించిందామె. సార్ దాన్ని తరగతికంతా చదివి వినిపించి, "ఇదిరా పర్సిస్ట్ అంటే" అన్నారు. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదు.

ఆ ఏడే ఎన్నికలొచ్చాయి. అప్పట్లో మా వైపు ఏ పార్టీ అన్నది తర్వాతి మాట, ఎవరి మనిషివి అన్నదే ముందు. మా చిన్నాన్న పెద్దాయన మనిషి. మా నాన్న ఎవరి మనిషీ కాదు గానీ, తమ్ముడి నీడలో బతికేవాడు. పోలింగు డ్యూటీకి వచ్చిన ఉద్యోగులకు మధ్యాహ్నం భోజనం పెద్దాయన ఇంటినుంచే వచ్చేది. అది తిన్నవాళ్లు, లోపల ఏం జరిగినా పోలింగు డైరీలో 'ప్రశాంతం' అని రాసి సంతకం పెట్టాలి. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేని కట్టుబాటు అది. కొండాపురం వైపు ఒక పల్లెకు డ్యూటీ పడిన మా సార్, ఇంటినుంచి చపాతీలు కట్టుకుపోయారు.

"సార్, అన్నం సల్లారతాంది, తిని సంతకం పెట్టి పో సార్ అని మర్యాదగా చెప్పినాన్నా" అని చిన్నాన్న మా ఇంట్లో కూర్చుని నాన్నకు చెప్పాడు. "నేను తెచ్చుకున్నానప్పా అంటాడు. మనోళ్లు ఓట్లు గుద్దింది ఉన్నదున్నట్టు రాసి పెట్టినాడు. శానా పొగరు ఆయప్పకు."

అక్కడ మళ్లీ పోలింగు పెట్టారు. ఆ పల్లె ఓట్లు పెద్దాయన చేయి జారిపోయాయి.

తర్వాత పది రోజులకు, మధ్యాహ్నం మొదటి పీరియడులో, ముఖాలకు టవళ్లు చుట్టుకున్న నలుగురు గదిలోకి వచ్చారు. సార్ సుద్దముక్క కింద పెట్టి, "పిల్లోళ్లను బయటికి పంపీండప్పా, ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు. వాళ్లు పంపలేదు. మేం చూడాలనే వచ్చారు. ఇద్దరు ఆయన కుడిచెయ్యి పట్టుకుని బల్లమీద ఆనించారు. మూడోవాడు ఇనుపరాడ్ ఎత్తాడు. నేను ముందు వరసలో ఉన్నాను. తల దించుకుంటే వాడి చెప్పులు కనిపించాయి. కుడి చెప్పు వారుకు పచ్చ దారంతో కుట్టు ఉంది. నల్లదారం అయిపోయిందంటే, పచ్చదే వెయ్యమని కుట్టించుకొచ్చింది నేనే. అవి మా చిన్నాన్న చెప్పులు. రాడ్ ఎత్తినప్పుడు అతను మూలిగిన గొంతు కూడా నాకు తెలిసిందే.

పోలీసులు వచ్చి అడిగితే తరగతిలో తక్కిన నలభై మందీ ఏమీ చూడలేదన్నారు. నేను ఆలోచించే లోపే నోటినుంచి చిన్నాన్న పేరు వచ్చేసింది. టవళ్లవల్ల సార్ ఎవరినీ గుర్తుపట్టలేకపోయారు. దాంతో కేసంతా నా ఒక్క మాట మీదే నిలబడింది.

ఆ మాట కోర్టుదాకా పోకుండా చూడటానికి మా ఇల్లంతా పూనుకుంది. చెట్లు బతికించిన అవ్వే, నేను మాట మార్చుకునేదాకా తిననని అన్నం మానేసింది. ఆ పట్టుదలా ఈ పట్టుదలా ఒక్కటేనా అని అడిగే వయసు కాదు నాది. నాన్న అరవలేదు, కొట్టలేదు. "సూడు పాపా. నువ్వేం సూడలా. సొంత మనిషిని జైలుకు తోలి, నువ్వు యాడ కూచోని సదువుకుంటావు?" అన్నాడు. ఆయన భయం నాకిప్పుడు అర్థమవుతుంది. క్షమించడం మాత్రం ఇప్పటికీ నావల్ల కాలేదు.

కోర్టులో సార్ బెంచీమీద కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకున్నారు, వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. నేను ఆయన వైపు చూడకుండా, "టవళ్లు కట్టుకున్నారు. ఎవరో తెలీదు" అన్నాను. కేసు కొట్టేశారు. బయటికొచ్చాక చిన్నాన్న నాకు రోజ్‌మిల్క్ కొనిచ్చాడు. దాహంగా ఉంది, తాగాను. నామీద నాకున్న కోపమంతా ఆ గ్లాసు దగ్గరే ఆగిపోయింది. అబద్ధం భయంతో చెప్పానని సర్దుకోవచ్చు. ఆ గ్లాసు చివరిదాకా ఎందుకు తాగాను?

సార్ మళ్లీ బడికి వచ్చారు. ఎడమచేత్తో బోర్డుమీద రాయడం నేర్చుకుంటూ, అక్షరాలు కిందికి జారిపోతుంటే తుడిచి మళ్లీ రాస్తూ పాఠం చెప్పారు. 'రెసిస్ట్' అంటే ఎదురు నిలబడటం అని చెప్పి, దానికి వాక్యం రాసి తెమ్మన్నారు. నేను తేలు కుట్టిన దొంగలా వెనక బెంచీకి మారిపోయి, గైడులోని రాజునూ సాలెపురుగునూ దించి ఇచ్చాను. నోటుబుక్కు తిరిగి వచ్చినప్పుడు ఆ వాక్యం కింద ఎర్రసిరాతో, ఒకటో తరగతి పిల్లాడి రాతలాంటి వంకర అక్షరాలు: 'చూసింది రాయి.' నేను ఏడుస్తుంటే బల్ల దగ్గర ఆగి, "రాయి పాపా, తొందరేం లేదు" అని ముందుకు వెళ్లిపోయారు. ఒక్కసారి తిట్టి ఉంటే నా బరువు దిగేది. ఆ ఒక్క విషయంలో నాకు సార్ మీద కూడా కోపమే.

ఆ వేసవిలో ఆయన్ను పులివెందుల అవతల పల్లెకు బదిలీ చేశారు. రిటైరయ్యేదాకా ఎడమచేత్తోనే రాశారట. గంటన్నర బస్సు ప్రయాణం అంతే, నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆయనేమో తొందరేం లేదన్నారు, నేనేమో ఆయన పోయేదాకా ఆగాను.

ఆ నోటుబుక్కు నా దగ్గరే ఉంది. సభలో మా చిన్నాన్న కూడా ముందు వరసలో కూర్చుంటాడు. ఈ కాగితాలు సంచికలో వేస్తారన్న ఆశ నాకు లేదు. వెయ్యకపోతే సభలో నిలబడి చదువుతాను. మంచి మాటలు నాలుగు అడిగారు, నా దగ్గర ఒక్క వాక్యమే ఉంది. సార్, చోటు పేరు కూడా రాశాను, చూసుకోండి.

జమ్మలమడుగు దగ్గర మా హైస్కూల్లో, పదో తరగతి గదిలో, ఖాదర్‌వలీ సార్ కుడిచెయ్యి విరగ్గొట్టింది మా చిన్నాన్న, నేను చూశాను.