చిటికెడు సైంధవం

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. పలమనేరులో పడిన నాలుగు చినుకుల్ని తిరుపతికి వచ్చేలోపు వరద చేసేస్తాను. కాబట్టి సగానికి సగం కోసుకుని నమ్మండి. ఈ పొద్దు మా అమ్మాయి నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. గాలి బుస్సుమని దిగాక మిషన్ను తనవైపు తిప్పుకుని, ఒక్క క్షణం ఆగి, "బాగానే ఉంది నాన్నా" అంది. ఆ క్షణం నాకు బాగా తెలుసు. పదేళ్ల కిందట పలమనేరు ఇంట్లో దాన్ని కనిపెట్టినవాణ్ణి నేనే.

అప్పుడు రక్తపోటు మా నాయనకు. ఊళ్లోని ఆయుర్వేద వైద్యుడు నాడి చూసి, పొద్దున నడక, వారానికోసారి నూనె మర్దనం, ఊరగాయ బందు అన్నాడు. ఇంగ్లీషు మాత్రలు మానొద్దన్నాడు. ఉప్పు బాగా తగ్గించి, వేసే ఆ చిటికెడూ సైంధవ లవణం వేసుకోమన్నాడు. నాయన చెవికి చివరి మాటే ఎక్కింది. బిందెడంత పొడుం డబ్బాలో సైంధవం నింపి మొలకు కట్టుకున్నాడు. సంగటిలో, మజ్జిగలో, జామకాయ మీద, ఆఖరికి కాఫీలో కూడా అదే.

"ఆ సామి చిటికెడన్నాడు, నువ్వు పిడికెడు పోస్తా ఉండావే!" అని అమ్మ మొత్తుకునేది.

"ఇది ఉప్పు కాదే, మందు. ఎక్కువేస్తే తొందరగా తగ్గతాది."

రోజూ బీపీ చూసే పని నాది. మొదటి రోజు నూట ఎనభై. నాయన నా మొహంలోకే చూస్తూ "ఎంతుండాదిరా?" అన్నాడు. నిజం చెబితే ఆ భయానికే ఇంకా ఎక్కుతుందేమోనని "నూట నలభై" అన్నాను. "సూసినావా, మందు పని సేస్తా ఉండాది!" అని అమ్మకు వినిపించేలా అని, ఇంకో చిటికెడు వేసుకున్నాడు. ఇక మిషన్ రోజురోజుకీ ఎక్కుతోంది, నేను రోజురోజుకీ దిగుతున్నాను. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే పేపరు వెతుకుతున్నట్టు చుట్టూ తిరుగుతూ, రొమ్ము లేస్తోందా లేదా అని చూసేవాణ్ణి. అయినా మర్నాడు మళ్లీ తగ్గించే చెప్పేవాణ్ణి.

ఎనిమిదో రోజు పొద్దున పాలు పితుకుతూ నాయన ఆవు డొక్కకు తల ఆనించాడు. ఎంతసేపటికీ ఎత్తలేదు. ఆవు కూడా కదల్లేదు. ఆటోలో వైద్యుడి దగ్గరికి పరుగెత్తాం. ఆయన మొలలోని డబ్బా తీసి, మూత విప్పి, వేలికి అద్దుకుని నాకి చూశాడు.

"ఇదీ ఉప్పే పెద్దాయనా! ఇంట్లో బీపీ చూడలేదా?"

"సూడకేం సామీ, నా కొడుకు దినమూ సూస్తా ఉండాడు. నిన్న నూట ఇరవై."

అందరూ నావైపు తిరిగారు. "రెండు వందలు" అన్నాను. వైద్యుడు నన్ను తిట్టలేదు. అదే ఆటోలో పెద్దాసుపత్రికి పంపాడు. దారిలో నాయన నా చెయ్యి పట్టుకుని, "అన్నీ పెంచి సెప్పే నోరు కదరా నీది, దీన్నొక్కదాన్నీ ఎందుకు తగ్గించినావు?" అన్నాడు.

నాయన కోలుకున్నాడు. ఆ తర్వాత మిషన్ను తనవైపే పెట్టుకునేవాడు.

ఇందులో నేను కల్పించినవి బిందెడంత డబ్బా, కాఫీలో ఉప్పు. డబ్బా అరచేతిలో పట్టేంతే. ఆ నూట నలభై కూడా కల్పనే, కాకపోతే అది ఇప్పుడు చేసింది కాదు. "మిషన్ ఇటు తిప్పమ్మా" అన్నాను మా అమ్మాయితో. నాయనకు నేను చెప్పిన అంకె పదేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, ఈ పొద్దు నా చేతికే వచ్చి చుట్టుకుంది.