కంప్యూటరెక్కని తూకం

బుధవారం పొద్దున పదకొండు గంటల పది నిమిషాలకు నాలుగో జవాబు వచ్చింది. అప్పుడు కాటా మీద ఏమీ లేదు. శావల్యాపురం రైతొకడు బామ్మర్దితో కలిసి మిర్చి బస్తాలు దించి, తూస్తావా తూయవా అన్నట్టు నన్నే చూస్తున్నాడు.

ఈపూరు రోడ్డు పక్కన నాకొక కాటా షెడ్డుంది. మా ఆయన పోయినప్పటి నుంచి నేనే తూస్తున్నాను. కాటాకీ కంప్యూటరుకీ మధ్య అరచెయ్యంత రేకు డబ్బా ఒకటుంటుంది. తూకం అంకెల్ని కంప్యూటరుకు అందించేది అదే. దాన్ని చేసింది మా పక్కింటి రేడియో మెకానిక్కు. డబ్బా పంపేది కంప్యూటరుకు అర్థం కావాలంటే డ్రైవరనే ప్రోగ్రాం ఉండాలి, దాన్నీ వాడే రాశాడు. నన్ను అక్కా అనేవాడు. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పిందీ వాడే. "అంకెలొచ్చినదానివి, అక్షరాలకేంది అక్కా భయం?" అన్నాడు. నాది భయం కాదు, సిగ్గు. ఆ మాట వాడికి చెప్పలేదు.

వాడు పోయి రెండేళ్లు. ఈమధ్య పాత కంప్యూటరు చెడిపోయింది. కొత్తది పెట్టి ఆ డ్రైవరే ఎక్కించాక కాటా మీద ఎర్ర అంకెలు పడుతున్నాయి గానీ కంప్యూటరులో ఏ తూకమూ ఎక్కడం లేదు. బిగించినతను డబ్బా పారేసి కొత్త కాటా తెచ్చుకోమన్నాడు. మెకానిక్కు సామానంతా వాడింట్లోవాళ్లు ఎప్పుడో పాత ఇనుము కింద వేసేశారు. వాడి చేతివి నా దగ్గర మిగిలినవి రెండే, ఈ డబ్బా, ఒక నోటు పుస్తకం. నేను పారేయను.

ఆ పుస్తకంలోనే ఒక ఇంటర్నెట్ పేజీ అడ్రసు దొరికింది. ప్రోగ్రాములు రాసి, ఎవరైనా వాడుకోండని బయట పెట్టి, జీతం లేకుండా వాటిని చూసుకునేవాళ్లుంటారట. చిక్కొచ్చినప్పుడు వాడు వాళ్లనడిగేవాడు. నేనూ అడిగాను. తెలుగులో రాస్తే ఫోను ఇంగ్లీషు చేసింది. "మీ కంప్యూటరు మా డబ్బాని చెడగొట్టింది, బాగుచేయండి" అని రాశాను. నాకు ఇంకోలా రాయడం రాదు.

రెండు రోజులు ఎవరూ పలకలేదు. తర్వాత ఒక మనిషి, ఆడో మగో తెలియదు, ఏం చేశారో వరసగా చెప్పమని, డ్రైవరు మొత్తం పంపమని మర్యాదగా అడిగారు. పంపాను. ఇంకెవరో మధ్యలో వచ్చి, ఇది పాతబడింది, బజార్లో దొరికేది పెట్టుకోండి అన్నారు. పారేయమని చెప్పడానికి మీరెందుకు, ఇక్కడ చానా మంది ఉన్నారని రాశాను. మొదటి మనిషి మాత్రం విసుక్కోలేదు. ఆ పది రోజులూ పొద్దున లేచి నేను ఎదురుచూసింది ఆ జవాబుల కోసమే. తూకాలు చేత్తో రాస్తూనే ఉన్నాను.

నాలుగో జవాబులో ఇలా ఉంది. కంప్యూటరు డబ్బాతో కనెక్షను తెరిచిన ప్రతిసారీ, వచ్చే మొదటి తూకాన్ని కావాలనే వదిలేసే లైను ఒకటి డ్రైవరులో ఉంది. పాత కంప్యూటరు పొద్దున ఒక్కసారే తెరిచేది. కొత్తది బస్తా బస్తాకీ తెరిచి మూస్తోంది. అందుకే అన్నీ పోతున్నాయి. తీసేస్తే సరిపోతుంది. కానీ ఆ లైను ఎందుకు రాశారో మాకు అంతుబట్టలేదు. మీకు తెలుసా?

నాకు తెలుసు. రోజూ కాటా మీద మొదట కొబ్బరికాయ పెట్టి దండం పెట్టుకుంటాను. ఆ తూకం దేవుడిది, పుస్తకంలో రాయను. డబ్బా పెట్టిన మొదటి రోజు కంప్యూటరు కొబ్బరికాయను కూడా ఎక్కించింది. "దేవుడి తూకం రాసేదేందిరా, నీ డబ్బాకి బుద్ధి లేదా?" అని తిట్టాను. వాడు నవ్వాడు. మర్నాటి నుంచి ఎక్కలేదు. ఏం చేశావని నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

"ఏందత్తా, మొహం అట్టయింది? కాటా పోయిందంటే చెప్పు, అవతలి కాటాకి పోతా" అన్నాడు రైతు.

"నీ మిర్చి యాడికీ పారిపోదులే. కూర్చో."

కొబ్బరికాయ సంగతి రాశాను. నవ్వుతారనుకున్నాను. గంటలో మార్చిన డ్రైవరు వచ్చింది. లైను తీసేయలేదు. పొద్దున డబ్బాకి కరెంటు ఇచ్చాక ఒక్కసారే వదిలేసేలా మార్చారు. చివర, దీన్ని మా పేజీలో ఉంచుతాం, రాసినవారి పేరు పైన పెట్టాలి, చెప్పండి అని ఉంది.

వాడు నాకు నా పేరు రాయడం నేర్పాడు. వాడి పేరు నేనెప్పుడూ రాయలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టాను. తప్పు పడిందేమోనని నోటు పుస్తకం అట్ట మీది పేరుతో సరిచూసుకున్నాను.

వాళ్లు చెప్పినట్టు చేసి, డబ్బా కరెంటు వైరు పీకి మళ్లీ పెట్టి, కాటా మీద కొబ్బరికాయ పెట్టాను. కంప్యూటరులో ఏమీ పడలేదు. బస్తా పెట్టాం. పడింది.

"కాయ ఎక్కలేదే అత్తా" అన్నాడు రైతు.

"ఎక్కకూడదు."

బాగయిందని రాశాను. సంతోషం అని ఒక్క ముక్క వచ్చింది. ఆ తర్వాత రాయడానికి నా దగ్గర చిక్కేమీ లేదు. ఇప్పటికీ పొద్దున్నే ఆ పేజీ తెరిచి చూస్తాను. పైన వాడి పేరుంటుంది.

వాడి డబ్బా మళ్లీ పనిచేసిన ఆ రోజు షెడ్డులో ఉన్నది నేను, శావల్యాపురం రైతు, బస్తాలు మోసిన అతని బామ్మర్ది. దూరాన కూర్చుని జవాబులు రాసిన మనిషిని కూడా లెక్కలో కలుపుతాను. మెకానిక్కు లేడు.