నిమ్మకాయ, మిరపకాయలు, నా కుడిచెయ్యి

నా సిద్ధాంతాన్ని ప్రత్యర్థులెవరూ ఓడించలేదు. నా కుడిచెయ్యే ఓడించి, ఎర్రగుంట్ల నడిబజారులో నిమ్మకాయతో సహా వేలాడదీసింది. ఎలాగో వినండి, నవ్వడం తర్వాత.

అప్పటికి పెళ్లై ఏడాది. అత్తారింట్లో ఉన్నాం. కొత్త స్కూటరుకు దిష్టి తగలకుండా నిమ్మకాయా మిరపకాయలూ కట్టాలని మా అత్త, చచ్చినా కట్టనివ్వనని నేను. మర్నాడు అదే స్కూటరు మీద పోయి మూఢనమ్మకాల మీద ఉపన్యసించాలి మరి!

బామ్మర్ది కొన్న ఆట యంత్రం టీవీకి తగిలించి ఉంది. బంతి దొర్లించి సీసాల్లాంటి కట్టెలు పడగొట్టే ఆట. మీటలు నొక్కే పనే లేదు. రిమోటు పట్టుకుని చెయ్యి విసిరితే బంతి పోతుంది.

"ఇంత సులువైతే ఎవరైనా ఆడొచ్చత్తా, నువ్వు గూడా!" అన్నాను.

"అట్లయితే పందెం. నేను గెలిస్తే నిమ్మకాయ కడతా. ఓడితే ఆ మాటే ఎత్తను."

విజ్ఞానానికీ నిమ్మకాయకీ పోటీ. సరేనన్నాను.

అత్త మంచం మీద నుంచి లేవకుండానే, ఈగను తోలినట్టు చెయ్యాడించింది. కట్టెలు దాదాపు అన్నీ కూలాయి.

"కాకతాళీయం!" అని చెయ్యి ఎగరేశాను. నా వంతు బంతి పక్క కాలువలో పడింది.

"ఏమప్పా, అప్పుడే ఆడేసినావా?"

"ల్యా అత్తా, మాట్లాడతాండా!"

"మాట్లాడితే పోతాదా బంతి?"

"యాడ పోతాది? ఇట్ల విసిరితేనే..." అని చూపించాను. అదీ పోయింది.

చేతులాడించకుండా నేను మాట్లాడలేను. వేదికలెక్కి బల్లలు గుద్దిన చెయ్యి ఇది. వాదానికీ విసురుకీ తేడా ఆ యంత్రానికి తెలియదు. ఆడలేనోడు రిమోటు ఓడన్నాడట అంటారేమో, నిజంగా ఓడే!

"నోరు మూసుకోని ఆడు," అంది నా భార్య సువర్ణ.

మూసుకున్నాను. వింత! కట్టెలు వడగళ్లకు రాలిన మామిడిపిందెల్లా పడ్డాయి. చివరి బంతి మిగిలింది. కాస్త తగిలినా గెలుపు నాదే. పెదవి కొరుక్కుని గురి చూస్తున్నాను.

"అల్లుడూ, ఒగ మాట," అంది అత్త మెల్లగా. "నిజంగానే దిష్టి ల్యాదంటావా?"

ఆడాక జవాబు చెప్పొచ్చు కదా! ఊహూఁ.

"లేదు! ముమ్మాటికీ లేదు!" అని గాలిని అడ్డంగా నరికాను.

బంతి మళ్లీ కాలువలోకి.

"నీ మాట బంతి గూడా నమ్మల్యా," అంది సువర్ణ.

మర్నాడు ఎర్రగుంట్ల సభ బయట, నిమ్మకాయ వేలాడే నా స్కూటరు చుట్టూ ఉన్నంత జనం లోపల లేరు.

మీటలు తీసేస్తే ఆట సులువవుతుందా? నాకిప్పటికీ అంతుబట్టదు. అత్తకు సులువైంది, నాకు కాలేదు. ఆమె ఆ ప్రశ్న అమాయకంగా అడిగిందా, గురి చూసి విసిరిందా అన్నదీ తేలలేదు.

తేలింది ఒక్కటే. ఇకమీదట దేన్ని ఖండించినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే ఖండిస్తానని ఇందుమూలంగా శపథం చేస్తున్నాను. గమనించగలరు: చెయ్యి ఎత్తకుండానే.