చెవులతో చూసే ఆలా

మొన్న బాన్సువాడ బస్టాండు దగ్గరి దవాఖానలో నా వంతు కోసం కూర్చుంటే, చిన్న డాక్టరమ్మ మెడలోని స్టెతస్కోపు ఫ్యాను గాలికి ఊగి, దాని రబ్బరు వాసన స్పిరిటు వాసనతో కలిసి ముక్కుకు తగిలింది. ఎడమ రొమ్ములో కలుక్కుమంటోందని ముందే నలిగిపోతున్నవాణ్ణి, ఆ వాసనకు నిక్కరు వయసులోకి జారిపోయి, ఉన్న భయం చాలనట్టు అప్పటి భయాన్ని కూడా నెత్తికెత్తుకున్నాను.

మా చిన్నప్పుడు దాన్ని ఆలా అనేవాళ్లం. ఉర్దూలో ఆలా అంటే పనిముట్టు. ఆ లెక్కన నాగలీ ఆలానే, సుత్తీ ఆలానే, కానీ మా వాడకట్టులో పనిముట్లన్నిటికీ రాజు అదే కనుక ఆ పేరు దానికే దక్కింది. డాక్టర్ సాబ్ స్కూటరు చప్పుడు వినబడితే చిర్రగోనె ఆడే పిల్లలం కర్ర ఎత్తినట్టే నిలబడిపోయేవాళ్లం, దంచే రోకళ్లు గాలిలో ఆగేవి, సాబ్ ఆలా చెవుల్లో పెట్టుకున్నాడంటే కాకులు గొంతు మూసుకునేవి, బీర్కూర్ బస్సు హారను కొట్టకుండా మునివేళ్ల మీద నడిచిపోయేది. అసలు సంబరం ఆ తరువాత. రోగిని చూడడం కాగానే ఇంటిల్లిపాదీ, ఇరుగుపొరుగుతో సహా, వరుస కట్టేవారు. ఆలా తాకితే ఉన్న రోగం సగం పోతుందని, లేనివాళ్లకు రాబోయేది దారిలోనే వెనక్కి తిరుగుతుందని అందరి నమ్మకం. సాబ్ కూడా తీర్థం పోసినట్టు తలా ఒకసారి తాకించేవాడు. పక్కింటి బావ ఒకసారి బర్రెను కూడా వరుసలో నిలబెట్టాడు. ఆ పూట అది వీధి వీధికంతా పాలిచ్చిందంటాడు, నేను తగ్గించే చెబుతున్నాను.

ఆ యేడు సద్దుల బతుకమ్మ దగ్గరపడి, ఇల్లంతా తంగేడు పూల పచ్చివాసనా, వేగుతున్న నువ్వుల కమ్మదనమూ, మలీద ముద్దలకు కరిగే బెల్లం తీపీ కమ్ముకుని ఉండగా, మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, నువ్వులు దంచుతూ దంచుతూ రోటి పక్కనే ఒరిగిపోయింది. సాబ్ వచ్చాడు, ఆలా పెట్టాడు. ఎప్పటిలా వెంటనే తీయలేదు. పెట్టిన చోటే మళ్లీ పెట్టాడు, కళ్లు మూసుకుని విన్నాడు. వరుస కట్టినవాళ్లవైపు చూడను కూడా చూడకుండా లేచి, గడప దగ్గర నాన్నతో మెల్లగా అన్నాడు.

"గుండె చాల్ తప్పింది, కొట్టుకునుడు సక్కగ లేదు. రేపే నిజామాబాద్ దవాఖానకు తీస్కపోండ్రి. ఆలస్యమైతే మనిషి దక్కది."

తలుపు వెనక నిలబడి ఆ మాట విన్నాను. లోపలికి వెళ్లి చూస్తే అవ్వ లేచి కూర్చుని సత్తుపిండి బుక్కుతోంది.

"నిజామాబాద్ ఎందుకురా కొడుకా? ఎన్నడన్న గంతసేపు వెట్టిండా ఆలా? పానం నిమ్మలమైంది," అంది.

ఎంత ఎక్కువసేపు పెడితే అంత ఎక్కువ మందు ఒంట్లోకి దిగినట్టని ఇంట్లోవాళ్లంతా తలలూపారు. నాన్న బతిమాలాడు, కసిరాడు, చివరికి ఆయన ముఖంలో కూడా ఆ నమ్మకం కొంచెం మెరిసింది. మరునాడు నేను చిర్రగోనె మానేసి అవ్వ కొంగు వెనకే తిరిగాను. ఆమె దగ్గితే నా గుండె ఆగేది, దగ్గకపోతే రెండు గుండెలు ఆగేవి.

సాయంత్రం స్కూటరు చప్పుడైంది. అవ్వ నిజామాబాద్ ఇంకా పోలేదని సాబ్‌కు తెలిసిపోయింది. అవ్వ సంతోషంగా ఎదురొచ్చి, "ఇంకోపారి వెట్టు సాబ్, మంచిగ పనిజేసింది," అంది.

సాబ్ ఆలాను మడిచి సంచిలో పెట్టేశాడు.

"అరె అవ్వా, దీని అసల్ పేరు తెలుసా? స్టెతస్కోపు. గ్రీకోళ్ల మాట. స్టెతస్ అంటే ఛాతి, స్కోప్ అంటే సూసేది. గంతే. సూసుడే దీని పని, బాగుజేసుడు గాదు."

"చెవుల వెట్టుకొని సూస్తరా ఎవలన్న?"

"మేం చెవులతోనే సూస్తం. ఎన్కట డాక్టర్లు రొమ్ముకే చెవి ఆనించి వింటుండె. ఫ్రాన్సుల ఒక డాక్టర్ కాడికి ఒక పడుసు పిల్ల వచ్చింది. ఆమె రొమ్ము మీద చెవి వెట్టుడు మర్యాద గాదని కాయితం చుట్టి, గా గొట్టంల నుంచి విన్నడు. దగ్గరికంటె మంచిగ వినవడ్డది. ఇగ కట్టెతోని గొట్టం జేసి దానికి గీ పేరు వెట్టిండు."

అవ్వ కాసేపు ఆలోచించి, "వాని తల్లి వాన్ని మంచిగ పెంచింది," అంది. తరువాత కొంగు సర్దుకుని, గొంతు తగ్గించి, "మరి నా ఛాతిల నీకేం కనవడ్డది సాబ్?"

సాబ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అవ్వ అతని ముఖాన్ని చాలాసేపు చూసింది. ఆమె దగ్గర ఏ గొట్టమూ లేకపోయినా, ఆమెకూ కనిపించవలసింది కనిపించినట్టుంది.

"పొద్దుగాల బస్సెన్ని గంటలకురా?" అని నాన్నను అడిగింది.

"నువ్వు పోయొస్తేనే ఆలా పెడ్త," అన్నాడు సాబ్.

బతుకమ్మను మేం అవ్వ లేకుండానే సాగనంపాం, మలీద ముద్ద నాకు మట్టిలా ఉంది. ఆమె ఒక సంచెడు మాత్రలతో తిరిగొచ్చి, నా పెళ్లిలో వంకలు పెట్టేదాకా బతికింది. వచ్చిన రోజే సాబ్‌ను పిలిపించి ఆలా పెట్టించుకుంది. వెనక మళ్లీ అందరం వరుస కట్టాం, పేరుకు అర్థం తెలిసి కూడా.

"అంకుల్, మీ నంబరే," అంది నర్సు. డాక్టరమ్మ నా ముఖం కంటే కంప్యూటరు ముఖాన్నే ఎక్కువసేపు చూసి, ఈసీజీ రాసింది, ఎకో రాసింది, నిజామాబాద్ పొమ్మంది. లేవబోయి ఆగాను.

"ఒక్కసారి ఆలా పెట్టరాదమ్మా."

"అంటే?"

మెడవైపు చూపించాను. ఆమె నవ్వి, చొక్కా మీదే పెట్టింది. సాబ్ ఇప్పుడు లేడు, ఆ వరుస లేదు, బర్రె అసలే లేదు. నేను ఊపిరి బిగబట్టి వీధి ఆగడం కోసం చూశాను. బీర్కూర్ బస్సు హారను కొడుతూనే పోయింది.

ఆమె ఇంకా తీయలేదు. పెట్టిన చోటే మళ్లీ పెట్టింది.